ఈ అతుకు ఎవరిది?

నా టేబుల్ మీద సగం కట్టిన ప్లాస్టిక్ బండి ఒకటి నాలుగు నెలలుగా దుమ్ము పట్టి ఉంది. 1/35 స్కేలు. ముందు రెండు చక్రాలు, వెనక ట్యాంకుకి ఉన్నట్టు పట్టాలు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం వాడిన హాఫ్‌ట్రాక్. పూర్తి పేరు నోరు తిరగదు, జాండర్‌క్రాఫ్ట్‌ఫార్ట్సాయిగ్ 251. మనం 251 అనుకుందాం. ఇంటికొచ్చినవాళ్ళు "బాగుందిరా, ఎప్పుడు పూర్తిచేస్తావ్?" అంటారు. టైం దొరకట్లేదని చెప్తాను. టైం ఉంది.

పెట్టెలో వచ్చింది వచ్చినట్టు అతికించి ఉంటే ఎప్పుడో అయిపోయేది. నాకేమో కొంచెం కొత్తగా చేద్దామనిపించింది. పాత ఫోటోలు వెతుకుతుంటే ఒక రకం బండి కనబడింది. వెనక సైనికులు కూర్చునే బెంచీలు పీకేసి, అక్కడ దాదాపు మనిషెత్తు గొట్టం ఒకటి ఆకాశంలోకి చూస్తున్నట్టు బిగించారు. 12 సెంటీమీటర్ల మోర్టార్. ఫ్యాక్టరీ లెక్కలో మోర్టార్ మోసే 251 ఒకటి ముందునుంచే ఉంది, 251/2 అంటారు. కానీ దానిలో పెట్టేది 8 సెంటీమీటర్ల చిన్నది. ఇంత పెద్దది ఎక్కించినవాళ్ళు యుద్ధరంగానికి కాస్త వెనకాల, రిపేరు షెడ్డుల్లో ఉండే సైన్యపు మెకానిక్కులు. డ్రాయింగులు లేవు, పైనుంచి ఆర్డర్లు లేవు. బండి ఉంది, మోర్టార్ ఉంది, కలిపేశారు.

చూడగానే నా నోట్లోంచి వచ్చిన మాట "అబ్బ, భలే పెట్టారే."

ఈ వ్యాసం ఆ మాట గురించి.

మోర్టార్ అంటే ఒక చివర మూసిన గొట్టం. పైనుంచి గుండు జారవిడిస్తే అడుగున ఉన్న సూదికి తగిలి పేలుతుంది, వచ్చిన దారినే పైకి పోతుంది. బాగా ఎత్తుకి లేచి, ప్రహరీ అవతలికి పిల్లలు బంతి విసిరినట్టు, అడ్డం ఉన్నదాన్ని దాటి అవతల పడుతుంది. గోడ వెనక ఉన్నా, కందకంలో ఉన్నా, కొండ చాటున ఉన్నా తప్పదు. పేలినప్పుడు వెనక్కి తన్నే బలమంతా గొట్టం కింద ఉండే ఉక్కు పళ్ళెం మీదుగా నేలలోకి దిగుతుంది. జర్మన్ల 12 సెంటీమీటర్ల మోర్టార్ బరువు దాదాపు 280 కిలోలు. గుండు ఒక్కొక్కటి 16 కిలోలకి కాస్త అటూ ఇటూ. ఆరు కిలోమీటర్ల దూరం పోతుంది. నేల మీద పెట్టి పేలిస్తేనే పళ్ళెం మట్టిలోకి కూరుకుపోతుంది. బండిలో పెడితే నేల చేసే పని బండి అడుగు చెయ్యాలి. పక్కల రేకు 8 మిల్లీమీటర్ల మందం ఉన్న బండి అది. కింద దన్ను పెట్టాలి, తాపు చాసీ మీదకి పంచాలి, గొట్టం పక్కలకి తిప్పడానికి చోటు వదలాలి, గుండ్లు సర్దాలి, మనుషులు నిలబడాలి.

ఎందుకింత తంటా అంటే, ఆరోజుల్లో జర్మన్ సైన్యంలో ఎక్కువ భాగం గుర్రబ్బళ్ళ మీదే నడిచేది. మెరుపుదాడి, యంత్రాల సైన్యం అన్నది మనం సినిమాల్లో చూసినంత లేదు. మోర్టార్ దించి, బిగించి, పేల్చి, మళ్ళీ విప్పి ఎక్కించుకునేలోపు, గుండ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అవతలివాళ్ళు లెక్కగట్టి తిరిగి కొడతారు. బండిలోంచే పేల్చి కదిలిపోతే ఆ నలుగురైదుగురు బతుకుతారు. అంటే ఆ షెడ్డులో మెకానిక్కుని నడిపించింది మొదట తనవాళ్ళ ప్రాణం మీద తీపి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

నేను ఫోటోలో మొదట మనుషుల్ని చూడలేదు. అతుకులు చూశాను. దానికి మా నాన్న కారణం. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్. చాసీ మాత్రం కంపెనీ నుంచి వస్తుంది. దాని మీద క్యాబిన్, తొట్టి, ఎవడికి ఏం కావాలో అది అక్కడ కడతారు. ఇసుకకొకటి, కోళ్ళకొకటి, గ్రానైట్ దిమ్మలకొకటి. హిందీవాళ్ళు జుగాడ్ అని దానికో ఫిలాసఫీ తగిలించారుగానీ, నాన్నవాళ్ళు "ఏదోటి చేసేద్దాంలే" అనేవాళ్ళు. సెలవుల్లో షెడ్డుకి వెళ్తే రోడ్డు మీద పోయే లారీని చూపించి "అది మనదే" అనేవాడు నాన్న. పేరు రాసి ఉండదు. అతుకు చూసి చెప్పేవాడు. మనిషి చేతిరాతలాగే చేతి అతుకు కూడా ఉంటుందనేవాడు. కాబట్టి ఎవరో తలబద్దలు కొట్టుకుని కుదర్చలేనిదాన్ని కుదిర్చిన పని ఎక్కడ కనిపించినా నా మనసు ముందు చేతులు జోడిస్తుంది, తర్వాతే అడుగుతుంది ఎవరు, ఎందుకు అని. ఈ బండి విషయంలో ఆ "తర్వాత" రావడానికి మూడు వారాలు పట్టింది.

ఆ మోర్టార్ జర్మన్లది కాదు. సోవియట్‌వాళ్ళది. బోరిస్ షావిరిన్ బృందం 1938లో తయారుచేసిన 120 మిల్లీమీటర్ల మోర్టార్. 1941లో సోవియట్ యూనియన్ మీద పడ్డాక జర్మన్లకి అవి బోలెడు దొరికాయి. బాగున్నాయని ముందు ఉన్నవాటినే వాడుకున్నారు, తర్వాత నకలు తీసి గ్రానాట్‌వెర్ఫర్ 42 అని పేరుపెట్టి తామే తయారుచేసుకున్నారు. ఇక్కడ కాస్త ఆగాలి. ఏ మనుషుల్ని "మనుషులకంటే తక్కువ జాతి" అని పుస్తకాలు అచ్చువేసి మరీ సైనికులకి పంచారో, ఆ మనుషుల బుర్రలో పుట్టిన వస్తువుని ఏ సంకోచం లేకుండా నకలు తీశారు. బళ్ళో పెట్టుకుని, ఆ మనుషుల మీదే పేల్చారు. షెడ్డులో పానా పట్టుకున్నవాడికి ఆ మోర్టార్ ఎంత మంచిదో తెలుసు. ప్రతి మర నునుపు వాడి వేళ్ళకి తెలుసు. ఆ మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుసు. పనిలో ఉన్న నిజం వాడి నమ్మకంలో ఉన్న అబద్ధాన్ని కొంచెం కూడా కదిలించలేదంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంది. చేత్తో చేసే పని మనిషిని నిజాయితీగా ఉంచుతుందని మనం ఊరికే అంటుంటాం. నేనూ అంటుంటాను, నాన్నని తల్చుకుని.

ఇంకా వెనక్కి వెళ్తే వంశవృక్షం మరీ చిత్రంగా ఉంటుంది. ఇప్పుడు మనం మోర్టార్ అంటున్న ఈ గొట్టానికి రూపం ఇచ్చింది 1915లో విల్‌ఫ్రెడ్ స్టోక్స్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు. ఆయన ఇప్స్‌విచ్‌లో క్రేన్లు తయారుచేసే కంపెనీ నడిపేవాడు. దాన్ని బాగుచేసి ప్రపంచమంతా నకలు తీసేంత పనిమంతంగా మార్చింది ఫ్రాన్స్‌కి చెందిన ఎడ్గార్ బ్రాంట్. ఈ బ్రాంట్ ఆయుధాల మనిషి అనుకుంటాం కదా. కమ్మరి. ఆర్ట్ డెకో కళలో ఇనుప పనికి ఆయన పేరు మొదట చెబుతారు. 1925 పారిస్ ఎగ్జిబిషన్‌లో జనం ఆయన పనిని నోరు తెరుచుకు చూశారు. లండన్‌లో సెల్ఫ్‌రిడ్జెస్ అనే పెద్ద షాపు లిఫ్టులకి కొంగలు ఎగురుతున్న లోహపు పలకలు ఆయన డిజైనే. పారిస్‌లో ఆర్క్ డి ట్రయంఫ్ కింద, పేరు తెలియని సైనికుడి సమాధి దగ్గర 1923 నవంబర్ 11న వెలిగించిన అఖండజ్యోతి ఉంది చూడండి, ఆ మంట చుట్టూ ఉన్న లోహపు పని కూడా ఆయన చేతిదే.

ఒకే కొలిమి. ఒక పక్క చచ్చిపోయిన సైనికుడికి దీపం కుంది, ఇంకో పక్క 81 మిల్లీమీటర్ల మోర్టార్. దీన్ని వ్యంగ్యంగా చెప్పి నవ్వుకోవడం తేలిక. నాకు నవ్వు రాలేదు. ఆయన దేశం మీద నిజంగానే శత్రువు వచ్చి పడ్డాడు, ఒకసారి కాదు. రెండూ ఆయనకి ఒకే బాధ్యతలా అనిపించి ఉండొచ్చు. నేను చెప్పదల్చుకుంది వేరే. వస్తువు ఒకసారి చేతిలోంచి వెళ్ళిపోయాక ఏమవుతుందన్నది.

1940లో ఫ్రాన్స్ ఓడిపోయింది. లెక్కలేనన్ని బళ్ళు, ఫిరంగులు, మోర్టార్లు జర్మన్ల చేతిలో పడ్డాయి. ఆల్‌ఫ్రెడ్ బెకర్ అని ఒక ఫిరంగిదళం అధికారి, చదువు మెకానికల్ ఇంజనీరింగ్, క్రెఫెల్డ్ ప్రాంతం మనిషి, ఈ తుక్కుని చూసి తుక్కు అనుకోలేదు. పారిస్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మకాం పెట్టి ఫ్రెంచి బళ్ళ మీద జర్మన్ ఫిరంగులు ఎక్కించడం మొదలుపెట్టాడు. లొరేన్, హాచ్‌కిస్, సోమువా ఏది దొరికితే అది. వాటిలో ఒకటి చూస్తే ఎవరికైనా మతిపోతుంది. సోమువా హాఫ్‌ట్రాక్ మీద బ్రాంట్ మోర్టార్ గొట్టాలు పదహారు, రెండు వరసల్లో, పిల్లనగ్రోవులు పేర్చినట్టు. ఒక్కసారిగా ఒక పొలాన్ని దున్నేసేలా. 1944 మే నెలలో రోమెల్ నార్మండీ తీరంలో వీటిని తనిఖీ చేస్తున్న ఫోటోలు ఉన్నాయి. తర్వాత కొద్దిరోజులకే, జూన్ 6న, మిత్రసేనలు అదే తీరంలో దిగాయి. బెకర్ బళ్ళున్న 21వ పాంజర్ డివిజన్ కాన్ నగరం దగ్గర వాళ్ళకి ఎదురునిలిచింది.

ఆ దృశ్యాన్ని విడమర్చి చూడండి. ఫ్రెంచి కమ్మరి కనిపెట్టిన మోర్టార్. ఫ్రెంచి కంపెనీ బండి. అతికించింది పారిస్ పొలిమేరల్లో. పేల్చేది ఫ్రాన్స్‌ని విడిపించడానికి వచ్చినవాళ్ళ మీద, ఫ్రాన్స్ నేల మీద. అదేమో అద్భుతమైన పని. వెల్డింగ్ తెలిసిన ఎవడైనా ఒప్పుకుంటాడు. యుద్ధచరిత్ర పుస్తకాల్లో బెకర్‌ని "మేధావి" అనే రాస్తారు. రాసేవాళ్ళలో ఇంగ్లిష్‌వాళ్ళు కూడా ఉన్నారు.

ఇప్పుడు ప్రశ్న. నేర్పు మంచిదేనా? అంటే, చెడ్డ పనికి వాడిన నేర్పులో కూడా నేర్పుగా కొంత మంచి మిగిలి ఉంటుందా, పాలల్లో విషం కలిపినా పాలు పాలే అన్నట్టు?

కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్ర పుస్తకం మొదట్లోనే దీని మీద కటువుగా తేల్చేశాడు. తొణకని నిబ్బరం మంచి గుణమే, కానీ దుర్మార్గుడికి అది ఉంటే వాడు ఇంకా ప్రమాదకరం అవడమే కాదు, మన కంటికి ఇంకా అసహ్యంగా కూడా కనబడతాడని. మొదటి సగం సరే. రెండో సగం దగ్గర నేను పట్టుబడిపోయాను. నాకు అసహ్యం వెయ్యలేదే. "భలే" అన్నాను కదా. ఫిలిప్పా ఫుట్ అనే ఇంగ్లిష్ తత్వవేత్త 1978లో ఇదే చిక్కుని ఇంకొంచెం ఓపిగ్గా విప్పింది. విషం ఎక్కడున్నా విషమే, కానీ అన్నిచోట్లా విషంగా పనిచెయ్యకపోవచ్చు. అలాగే ధైర్యంలాంటి గుణం చెడ్డపనిలో ఉన్నప్పుడు సుగుణంగా పనిచెయ్యడం లేదనుకోవచ్చు అంటుంది. బాగుంది. తెలివైన మాట. కానీ ఫోటోలో అతుకు మాత్రం పనిచేస్తోంది. గొట్టం ఊడి పడలేదు.

మనకి దీనికంటే దగ్గర కథ ఒకటుంది. ఆదిపర్వంలో పురోచనుడు. దుర్యోధనుడు చెప్పగానే వారణావతంలో లక్క, నెయ్యి, గుగ్గిలంలాంటివి కలిపి, చూడ్డానికి రాజభవనంలా ఉండే ఇల్లు కట్టాడు. ఎంత బాగా కట్టాడంటే వాసన పసిగట్టగలిగినవాడికి తప్ప తెలియదు. అదే ఇంటికి విదురుడు ఇంకో పనివాణ్ణి పంపాడు. సొరంగాలు తవ్వేవాడు. మహాభారతంలో వాడికి సరైన పేరు కూడా లేదు, ఖనకుడు అంటే తవ్వేవాడు, అంతే. పురోచనుడు కాపలా ఉండగానే నేలలో సొరంగం తవ్వి, మూత నేలతో కలిసిపోయేలా అమర్చాడు. ఇద్దరూ పైకి కనపడని పని చేసినవాళ్ళే. ఇద్దరి పనీ కుదిరింది. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు నాకు సొరంగం నచ్చింది, ఇల్లు కూడా నచ్చింది, నిజం చెప్పాలంటే.

పనిని పనిగా చూడాలి, ఎవరికోసం అన్నది వేరే లెక్క అనేవాళ్ళకి పురోచనుడి ఇల్లే జవాబు. ఆ ఇంటిని కేవలం కట్టడంగా మెచ్చుకోవడం కుదరదు. లక్క ఎందుకు? గట్టిదనానికా, చలవకా? కాలడానికి. ఏ గోడలో ఏం కలపాలన్న ప్రతి నిర్ణయం లోపల నిద్రపోయేవాళ్ళని తల్చుకునే జరిగింది. మోర్టార్ బండీ అంతే. బండి అడుగున దన్ను ఎంత మందం ఉండాలన్నది గుండు ఎంత దూరం పోవాలన్నదాని మీద ఆధారపడుతుంది. గొట్టం ఎంత కోణంలో నిలబడాలన్నది గోడ అవతల ఎవరున్నారన్నదాని మీద. మెకానిక్ "నాకు యుద్ధంతో పనిలేదు, నా పని నేను చేశాను" అంటే అది అబద్ధం అవ్వడం తర్వాత సంగతి, ముందు వాడి పనికే అవమానం. వాడు ఆరు కిలోమీటర్ల అవతల పడే చోటుని మనసులో పెట్టుకునే ప్రతి అతుకూ వేశాడు. అది మంచి పని కాబట్టే అందులో పడే చోటు కూడా ఉంది. నేను ఫోటో చూసి "భలే పెట్టారే" అన్నప్పుడు పని మొత్తం చూడలేదు, సగమే చూశాను. నాన్న అయితే నన్ను తిట్టేవాడు. లారీ కట్టినవాడు లోడెంతో అడక్కుండా కమాన్ కట్టలు వెయ్యడు.

మరి ఆ పడే చోట ఏముంది?

వార్సాలో 1944 ఆగస్టు 1న పోలిష్ జనం జర్మన్ల మీద తిరగబడ్డారు. అరవైమూడు రోజులు సాగింది. చనిపోయిన మామూలు జనమే లక్షన్నరకి పైన. నగరం మీద మోర్టార్లు, రాకెట్లు, పెద్ద ఫిరంగులు అన్నీ కురిశాయి. రాకెట్ మోర్టార్లు వచ్చేటప్పుడు చేసే చప్పుడుకి జనం పేర్లు పెట్టుకున్నారు. "అరిచే ఆవులు" అని ఒకటి. "బీరువా" అని ఇంకొకటి, బరువైన బీరువా నేల మీద ఈడుస్తున్న చప్పుడులా ఉండేదట. మోర్టార్ గురించి ఏ ఇంజనీరింగ్ పుస్తకం కంటే ఈ రెండు పేర్లు నాకు ఎక్కువ చెప్పాయి. ఇంట్లో ఉండే వస్తువులు, ఇంటి పశువులు. గుండు పడుతున్నది అక్కడే కాబట్టి.

అదే ఊళ్ళో, అదే నెలలో, మన 251 అవతలి పక్షానికి కూడా పనిచేసింది. ఆగస్టు 14న తిరుగుబాటుదారులు ఒక జర్మన్ 251ని పట్టుకున్నారు. మొదట యాష్ అని పిలిచారు, తర్వాత దాన్ని నడిపించిన దళనాయకుడి మారుపేరు మీద షారీ విల్క్, అంటే బూడిదరంగు తోడేలు అన్నారు. దానికి తోడు తామే ఒక కవచబండి కట్టుకున్నారు. పొవిశ్లే పేటలో తామ్కా వీధి వర్క్‌షాపులో, షెవర్లే లారీ చాసీ మీద, దొరికిన ఉక్కు పలకలు అతికించి, రెండు వారాల్లోపు. పేరు కుబుష్. ఆగస్టు 23న రెండు బళ్ళూ కలిసి జర్మన్ల చేతిలో ఉన్న యూనివర్సిటీ మీదకి వెళ్ళాయి. గేటు దాటి లోపలికి పోయాయిగానీ యూనివర్సిటీ చిక్కలేదు. కుబుష్ ఇప్పటికీ ఉంది, వార్సాలో మ్యూజియంలో. ఫోటో చూడండి. అతుకులు వంకర. పలకలు ఎగుడుదిగుడు. బెకర్ చూస్తే పెదవి విరిచేవాడు.

నాకు ఆ వంకర అతుకులు చూసి గొంతు పట్టేసింది. కానీ ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా. తామ్కా వీధి వెల్డర్‌ని నడిపించింది కూడా తనవాళ్ళ ప్రాణం మీద తీపే. లోపల కూర్చునే కుర్రాళ్ళకి తూటా తగలకూడదు, అంతే. నేర్పు రెండుచోట్లా ఉంది. తెగువ, తోటివాడి మీద ప్రేమ రెండుచోట్లా ఉన్నాయి. పనివాడి లోపలికి ఎంత తొంగిచూసినా తేడా దొరకదు. తేడా బండి బయట ఉంది. ఎవరి ఊళ్ళోకి ఎవరొచ్చారు, ఎవరి ఇంటి కప్పు మీద పడుతోంది అన్న చోట. మంచి మనసుతో చేశాడా అని అడిగి తీర్పు చెప్పే అలవాటు మనకి బాగా ఉంది, ముఖ్యంగా మనకి నచ్చినవాళ్ళ విషయంలో. ఇక్కడ ఆ ప్రశ్న పనికిరాదు.

ఇక్కడితో ఆపేస్తే లెక్క శుభ్రంగా ఉండేది. మంచివాళ్ళ బండి, చెడ్డవాళ్ళ బండి. కానీ యాష్ దొరకడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు, ఆగస్టు 13న, అదే వార్సా పాతబస్తీలో ఇంకో జర్మన్ బండి దొరికింది. చిన్న పట్టాల బండి. దాన్ని ఊరేగింపుగా తీసుకొచ్చారు. పిల్లలు, ఆడవాళ్ళు, సైనికులు చుట్టూ మూగారు. గెలుపు గుర్తు కదా. అది ట్యాంక్ కాదు, పేలుడుమందు మోసుకెళ్ళి దించి వచ్చే బొర్గ్‌వార్డ్ అనే బండి. ముందు పెట్టెలో వందల కిలోల పేలుడు పదార్థం ఉంది. కిలిన్స్కీ వీధిలో అది పేలింది. మూడువందల మంది దాకా పోయారు. బండిని చూసి మురిసిపోవడానికి వచ్చిన జనం. వాళ్ళ మురిపెంలో ఏ తప్పూ లేదు. రెండు వారాలుగా చావు తప్ప ఏమీ చూడనివాళ్ళు. అయినా ఈ వ్యాసం రాస్తుంటే వాళ్ళు మాటిమాటికీ గుర్తొచ్చారు. లక్క ఇంట్లో కూడా, పాండవులు సొరంగంలోంచి బయటపడ్డ రాత్రి, విందుకొచ్చి తాగి పడుకున్న నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు లోపలే కాలిపోయారు. ఖనకుడి సొరంగంలో వాళ్ళకి చోటు లేదు. ఆరు శవాలు దొరికాయి కాబట్టి పాండవులు చచ్చారని ఊరు నమ్మింది, కథ ముందుకి పోయింది.

తిరుగుబాటు ఓడిపోయింది. వార్సా మగవాళ్ళని రైళ్ళల్లో జర్మనీకి తరలించారు. వాళ్ళలో కొన్ని వందలమంది చివరికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆడ్లర్‌వెర్కే ఫ్యాక్టరీకి చేరారు. ఫ్యాక్టరీలోనే కాట్స్‌బాఖ్ అనే మారుపేరుతో ఒక నిర్బంధ శిబిరం పెట్టారు. 1944 ఆగస్టు నుంచి 1945 మార్చి దాకా దాదాపు 1600 మంది అక్కడ పనిచేశారు, ఆకలితో, చలిలో. ఫ్రాంక్‌ఫర్ట్ శ్మశానంలో వాళ్ళవి ఐదువందలకి పైగా సమాధులున్నాయి. ఆ ఫ్యాక్టరీ తయారుచేసేది ఏమిటంటే, సైన్యం హాఫ్‌ట్రాక్‌లకి చాసీలు, ఇంజన్లు.

దీన్ని చదివిన రోజు నేను జిగురు సీసా మూత పెట్టేశాను. ఏదో ప్రతిజ్ఞ చేసి కాదు. ఆ రోజు బండి చాసీ మీద పనిచేస్తున్నాను. పక్కనున్న కొలతల పుస్తకంలో ప్రతి బోల్టూ ఉంది. బోల్టు బిగించినవాడు లేడు. కిట్‌తో పాటు ఐదుగురు సైనికుల బొమ్మలు ఇచ్చారు, నవ్వుతున్నవాడు ఒకడు, సిగరెట్ పట్టుకున్నవాడు ఒకడు.

కిందటి నెల విజయవాడ వెళ్ళినప్పుడు నాన్నకి ఇదంతా చెప్పాను. రిటైరయ్యాడు, కళ్ళకి ఆపరేషన్ అయింది. ఫోన్‌లో మోర్టార్ బండి ఫోటో పెద్దది చేసి చూపించాను. చాలాసేపు చూశాడు. "కింద దన్ను ఇంకోటి పెట్టుండాలి, కనపడట్లేదు" అన్నాడు. కుబుష్ చూపించాను. "వీళ్ళకి టైం లేదు పాపం" అన్నాడు.

తర్వాత తనే ఒక సంగతి చెప్పాడు, నేను అడక్కుండా. నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడు ఒకాయన లారీ తెచ్చి తొట్టికి కింద ఇంకో అడుగు వెయ్యమన్నాడట. రెండు అడుగుల మధ్య జానెడు ఖాళీ. బయటికి తెలియకూడదు. కూలి మూడింతలు. ఎందుకని నాన్న అడగలేదు. అడిగితే ఆయన చెప్పేవాడు కాదు, చెప్తే చెయ్యకూడదు. ఆ ఏడాది నా స్కూలు ఫీజు ఆలస్యం కాలేదని నాకు గుర్తు. "అంత నీట్‌గా ఇంకేదీ చెయ్యలేదురా నేను" అన్నాడు. "కొలత కర్ర పెట్టి చూసినా దొరకదు."

"మరి నాన్నా, దొరికిందా?"

కొన్నేళ్ళకి పేపర్లో ఒక లారీ ఫోటో వచ్చిందట. చెక్‌పోస్టు దగ్గర పట్టుకున్నారు, అడుగు కోసి చూపిస్తున్నారు. లోపల ఏం దొరికిందో రాశారు. అది నాన్న నాకు చెప్పలేదు. పేపర్ షెడ్డుకి తీసుకెళ్ళి, వెలుతుర్లోకి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని ఆ కోసిన అంచు చూశాడట.

"అతుకు నాది కాదు" అన్నాడు.

ఎలా తెలుసు, పేపర్ ఫోటోలో చుక్కలు తప్ప ఏం కనపడతాయి అన్నాను. సమాధానం చెప్పకుండా ఫోన్ మళ్ళీ తీసుకుని, ఆ జర్మన్ బండిని రెండు వేళ్ళతో పెద్దది చేస్తూ, ఇంకా పెద్దది చేస్తూ, బొమ్మ మసకబారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.